నేను చూసినవన్నీ కాయలే

నేను చిక్కాన్ని. మామిడితోటలు లేని ఊళ్ళో ఈ మాట చెబితే ఎద్దు మూతికి కట్టే చిక్కమే అందరికీ గుర్తుకొస్తుంది. అది నా దాయాది. కళ్ళం తొక్కేటప్పుడు గింజకు నోరు పెట్టకుండా ఎద్దుకు దాన్ని తగిలిస్తారు. అల్లిక మా ఇద్దరిదీ ఒకటే. అది నోరు మూసేందుకు పుట్టింది. నేను కొమ్మ కింద నోరు తెరుచుకుని నిలబడేందుకు పుట్టాను.

నా వెన్ను నల్లమల వెదురు గడ. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కినా దాని కొన అందదు. ఆ కొనకు ఇనుప కమ్మీని వంచి కట్టిన వలయం నా నోరు. నోటి అంచున, కాయకు తగలకుండా తొడిమకు మాత్రమే తగిలేటట్టు, బొటనవేలంత కత్తి. వలయం కింద వేలాడే వల నా పొట్ట. నా మొదటి వలను ఈ తోట పెద్దాయన జేజినాయన అల్లినాడు. ఇంటి అరుగు మీద కూర్చుని, జనుమునార తొడ మీద పేనుతూ, సాయంత్రాలు వారం రోజులు అల్లినాడు. కన్ను పెద్దదైతే కాయ ముచ్చిక అందులో ఇరుక్కుంటుంది, చిన్నదైతే రెమ్మలు చిక్కుకుని వల చిరుగుతుంది. ఆయనకు కొలబద్ద తన చూపుడువేలు. ప్రతి కంటిలోనూ వేలు పెట్టి చూసుకునేవాడు.

మా తోట బనగానపల్లె నుంచి యాగంటికి పోయే దారిలో, ఎర్రమల కొండల కింద. ఎర్రనేల. చుట్టూ నాపరాళ్ళు నిలువునా పాతిన కంచె. ఇక్కడ ఇంటి నేలా నాపరాయే, పైకప్పూ నాపరాయే, చేను గట్టూ నాపరాయే. ఆ రాతి మీద కాయ పడితే ఏ చప్పుడవుతుందో నాకు బాగా తెలుసు. జీవితమంతా ఆ చప్పుడు వినపడకుండా చూడటమే నా ఉద్యోగం.

మా ఊరి కాయ పేరు తెలుగునాట తెలియనివాళ్ళు లేరు. బంగినపల్లి అంటారు, బేనిషాన్ అంటారు. బేనిషాన్ అంటే మచ్చ లేనిదని జేజినాయన మనవళ్ళకు చెప్పేవాడు. నవాబుల సంస్థానంగా ఉన్న బనగానపల్లె 1948లో కర్నూలు జిల్లాలో కలిసేనాటికి ఆయన లాగూ తొడుక్కునే పిల్లవాడు. ఆ నవాబుల కాలంలో పుట్టిన పేరు ఇప్పటికీ కాయను వదల్లేదు. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి, ఆ రోజు ఆయన తోటకొచ్చి నన్ను గోడకు ఆనించి, గడను అరచేత్తో రెండుసార్లు తట్టినాడు. ఏమీ మాట్లాడలేదు. 2022లో మా ఊరు నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. అది చూడటానికి ఆయన లేడు.

పచ్చి తొక్క మీద మచ్చ ఎట్లా వస్తుందో నాకంటే బాగా చెప్పగలవాళ్ళు తక్కువ. కాయ తొడిమ తెగిన చోట సొన చిమ్ముతుంది. నీళ్ళలా పలచగా ఉంటుంది గానీ అది కారం కంటే ఘాటు. కాయ మీద కారితే కారిన దారంతా కాలినట్టు నల్లబడుతుంది, పిల్లల మూతికి తగిలితే పొక్కుతుంది. అందుకే తొడిమను ముచ్చిక దగ్గర తుంచకూడదు. వేలి పొడవు వదిలి కోయాలి. తర్వాత నీడలో పరిచిన గోనె మీద ముచ్చిక కిందికి వచ్చేటట్టు బోర్లించి, తొడిమ విరిచి, సొన అంతా నేలకు కారనివ్వాలి. ఇది ఒక మచ్చ. కాయ నేలను తాకితే పడేది రెండో మచ్చ. ఆ రోజు అది కనిపించదు. కాయ పండేటప్పుడు, నాలుగైదు రోజుల తర్వాత, దెబ్బ తగిలిన చోట మెత్తగా నల్లగా బయటపడుతుంది. మూడోది మనిషి తొందర. ముదరని కాయను కోసి, కార్బైడు పొట్లాలు పెట్టి రెండు రోజుల్లో పసుపు రంగు తెప్పించడం. తడి తగిలితే కార్బైడు నుంచి ఎసిటిలీన్ వాయువు వస్తుంది, దాంతోపాటు ఆర్సెనిక్, భాస్వరం లాంటి విషాలూ అంటుకుంటాయి. అందుకే ఆహార భద్రతా నియమాలు దాన్ని నిషేధించినాయి. ఆ కాయకు రంగు వస్తుంది, తీపి రాదు. జేజినాయన ఆ పొట్లాన్ని తోట గేటు దాటి లోపలికి రానివ్వలేదు. ఆయన కొడుకూ రానివ్వడం లేదు.

తోట మొత్తం మా చేతిలో ఉండదు. పూత చూసి గుత్తకు ఇస్తారు. సంక్రాంతి దాటి కొమ్మలన్నీ పూతతో కమ్ముకున్నప్పుడు గుత్తదారు వచ్చి చెట్టు చెట్టూ తిరిగి లెక్క వేసుకుంటాడు. అది పెద్ద పందెం. గుత్తికి వందల పూలు పూస్తాయి, చివరికి నిలిచేది ఒకటో రెండో. మంచు పట్టినా, తేనెమంచు పురుగు తగిలినా ఆ ఒకటి కూడా ఉండదు. ఇంత కష్టం గుత్తదారు నెత్తిన ఉంటుంది కాబట్టి అతని కాయ అతనిది. కానీ బావి పక్కన రెండు చెట్లు మాత్రం గుత్తలో ఉండవు. వాటిని ఇంటి చెట్లంటారు. అవి జేజినాయన తండ్రి నాటినవి. నేను పని చేసేది ఆ రెండు చెట్ల కిందే. గుత్తదారు మనుషుల దగ్గర వేరే చిక్కాలుంటాయి, అవి రోజంతా వందల కాయలు దించుతాయి. నాకు ఏడాదికి ఒక్కరోజే పండగ. మే నెలలో, బడులకు సెలవులిచ్చిన తర్వాత, కుటుంబమంతా వచ్చే రోజు.

పెద్దకొడుకు బెంగుళూరులో ఉంటాడు, అతనికి ఒక కూతురు. ఆడబిడ్డను ప్రొద్దుటూరుకిచ్చినారు, ఆమెకు ఇద్దరు కొడుకులు. చిన్నకొడుకు, చిన్నకోడలు ఊళ్ళోనే తోట చూసుకుంటారు. కొడుకు బిడ్డ జేజినాయన భార్యను జేజీ అంటుంది, కూతురి పిల్లలు అవ్వా అంటారు. ఒకే మనిషిని ఒకే తోటలో రెండు పేర్లతో పిలుస్తుంటే, ఏ పిలుపుకైనా ఆమె ‘ఆఁ నాయనా’ అనే పలుకుతుంది.

నాకొక కొరత ఉండేది. ఎన్నేళ్ళు కాయలు దించినా నేను పండును చూడలేదు. నా పొట్టలోకి వచ్చేది ఎప్పుడూ రాయిలాంటి పచ్చికాయ. క్షణంసేపు ఉంటుంది, బరువు తెలుస్తుంది, పొద్దుటెండకు వేడెక్కిన తొక్క తెలుస్తుంది, ఇంతలో ఎవరో చేయి పెట్టి తీసేసుకుంటారు. అది గంపలోకి, గంపలోంచి ఇంట్లో నడిమింటి వరిగడ్డిలోకి పోతుంది. అక్కడ వారం రోజులు ఏం జరుగుతుందో నాకు తెలియదు. మరుసటేడు పిల్లలు వచ్చి పోయినసారి పండ్ల గురించి చెప్పుకుంటుంటే వినేవాణ్ణి. ‘తలుపు తీస్తానే వాసన కొట్టిండె’ అని ఒకడు, ఓళిగల్లోకి సీకరణి చేసుకుంటే రెండు గిన్నెలు తిన్నానని ఇంకొకడు. నా చేతుల మీదుగా పోయిన కాయే అది. కానీ ఆ వాసన ఎట్లుంటుందో నాకు తెలియదు.

2020లో ఎవరూ రాలేదు. లాక్‌డౌన్. జేజినాయన అప్పటికే పోయి రెండేళ్ళయింది. జేజి, చిన్నకొడుకు మాత్రం పొద్దున్నే వచ్చి ఇంటి చెట్లు దించినారు. ఒకరు గడ పట్టుకుంటే ఒకరు గంప పట్టుకున్నారు. నాకు తెలిసిన మే నెలల్లో అంత నిశ్శబ్దమైన మే లేదు. ఆ ఏడే నా జనుము వల కింద పుచ్చిపోయి ఒక కాయ జారింది. అంతకుముందు అట్లా పుచ్చినప్పుడల్లా జేజినాయన కొత్తది అల్లేవాడు. ఈసారి చిన్నకొడుకు బజారు నుంచి నైలాను వల తెచ్చి కట్టినాడు. పాత వలను జేజి పారెయ్యనివ్వలేదు. కడిగి, ఆరబెట్టి, ఉల్లిగడ్డలు పోసి వంటింట్లో వేలాడదీసింది.

ఇప్పుడు చెప్పబోయేది పోయిన వేసవి సంగతి.

పొద్దున యాగంటి పోయి కోనేట్లో మునిగి, బసవన్నను చూసి వచ్చినారు. ఆ బసవన్న ఏడాదికింత పెరుగుతున్నాడని, కలియుగం చివర్లో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి మాటగా ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. యాగంటిలో కాకి వాలదనీ అంటారు. పిల్లలు గుడిలో కాకులు కనిపించలేదని చెబుతూ తోటలో దిగేసరికి మా చెట్ల మీద ఇరవై కాకులున్నాయి. దారిలో ‘అరుంధతి’ సినిమా తీసిన నవాబు బంగళా దగ్గర ఆగాలని ప్రొద్దుటూరు పిల్లలు పట్టుబట్టినారట. 2009లో వచ్చిన ఆ సినిమా వాళ్ళు పుట్టకముందుది. అయినా భయం మాత్రం కొత్తగానే ఉంది, కారు దిగినాక కూడా దాని మాటే.

నీడలో దుప్పటి పరిచి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టినారు. మధ్యాహ్నానికి మామిడికాయ చిత్రాన్నం, పెరుగన్నం ఉన్నాయి. తినేటప్పుడు బెంగుళూరు పాప ఒక సంగతి చెప్పింది. అమెరికాలో ఉన్న వాళ్ళ మామ కుటుంబం వేసవిలో స్ట్రాబెర్రీ తోటకు పోయి, తామే కోసుకుని, గేటు దగ్గర తూకం వేయించి డబ్బు కట్టి తెచ్చుకుంటారట. ఫోన్‌లో చూపించినారట. ‘వాళ్ళు కోస్తా కోస్తానే తింటారు జేజీ, ఎర్రగా ఉండేవే కోస్తారు’ అంది. పాప చిన్నాయన అందుకుని, స్ట్రాబెర్రీ కోసిన తర్వాత పండదు కాబట్టి ఎర్రబడిందాకా ఆగి కోయాలని, మామిడి అట్లా కాదని, లోపల ముదిరితే చాలు, కోసినాక కూడా దానంతట అది పండుతుందని చెప్పినాడు. నేను చెట్టుకు ఆనుకుని ఆ మాట విన్నాను. కోసిన చేతిలోనే పండు కనిపించే తోటలు కూడా ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

ప్రొద్దుటూరు పెద్దోడు ముందు నన్ను అందుకున్నాడు. పదమూడేళ్ళవాడు, బలం ఉంది, ఓపిక లేదు. కాయ కింద నా నోరు సరిగా పట్టకముందే గడను గుంజినాడు. తొడిమ తెగింది, కాయ వలయం అంచుకు తగిలి బయటికి పోయింది. నాపరాయి మీద పడింది. ఆ చప్పుడు. వాడు నిలబడిపోయినాడు. అవ్వ లేచి పోయి కాయ తీసుకుని, పగిలిన చోట చూసి, కత్తిపీట దగ్గర కూర్చుని ముక్కలు కోసింది. ఉప్పు, కారం చల్లి వాడికే మొదటి ముక్క పెట్టింది. తిట్టలేదు. పడిన కాయను మాగేయడానికి లేదు కాబట్టి వెంటనే తినేయాలని మాత్రం చెప్పింది. చిన్నోడు కాయల మాట వదిలేసి కంచె పక్కనున్న పొదల్లో కలే పండ్లు ఏరడానికి పోయినాడు. అవి నల్లగా, శనగగింజంత ఉంటాయి, పెదవులు ఊదారంగు చేస్తాయి. వాడి చొక్కా జేబు సాయంత్రానికి పనికి రాకుండా పోయింది.

తర్వాత పాప వచ్చింది. పదకొండేళ్ళు, సన్నటి చేతులు. గడ ఎత్తగానే నేను గాల్లో ఊగినాను. జేజి వెనక నిలబడి, పాప చేతుల మీద తన చేతులు పెట్టింది.

‘యాడ చూస్తాండావ్ బిడ్డా? కాయను చూడగాకు. ముచ్చిక చూడు.’

‘ముచ్చిక అంటే?’

‘తొడిమ కాయలోకి దిగే కాడ. దాని పక్కల భుజాలు లేసినాయా? ముచ్చిక గుంతలో కూచున్నట్టుండాల. ఇది చూడు, భుజాలు ఇంకా జారుగా ఉండాయి. ఇది పసికాయ. దీన్ని కోస్తే నీళ్ళలో ఏస్తే తేలుతుంది. ముదిరింది మునుగుతుంది.’

‘జేజీ, చేతులు నొస్తాండాయి.’

‘నొస్తే దించు. చెట్టు యాడికీ పోదు.’

దించింది. మళ్ళీ ఎత్తింది. అట్లా నాలుగుసార్లు. నాలుగోసారికి ఊగడం తగ్గింది. పాప గడ అడుగును నడుముకు ఆనించుకుంది. అది ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. జేజినాయన కూడా అట్లే ఆనించేవాడు. జేజి చేతులు తీసేసి రెండడుగులు వెనక్కి పోయింది. నా నోరు కింద నుంచి పైకి, కాయ చుట్టూ నిదానంగా వచ్చింది. కత్తి తొడిమను తాకింది. చిన్న గుంజు. కాయ నా పొట్టలో పడింది. నా ఎరుకలో అంత మెత్తగా కాయ దిగడం తక్కువ. పాప గడను చేతి మీద చేయి మారుస్తూ కిందికి దించి, కాయను తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చికాయకు సొన వాసన తప్ప ఏమీ ఉండదు. అయినా చాలాసేపు పెట్టుకుంది.

మధ్యాహ్నం మూడింటికి నూటికిపైగా కాయలు గోనె మీద బోర్లా పడుకున్నాయి. గాలి లేదు. ఆకు కదలడం లేదు. మా ప్రాంతంలో మే నెలలో అట్లా గాలి ఆగిపోయిందంటే అనుభవం ఉన్నవాళ్ళు కొండల వైపు చూస్తారు. ఎర్రమల మీద ఆకాశం ఇటుక రంగులోకి తిరిగింది. పాప అప్పుడే ఇంకొక కాయ కోసింది. అది వలలో పడటమూ, మొదటి గాలి విసురు రావడమూ ఒకేసారి జరిగినాయి.

ఆ గాలి గురించి ఎక్కువ చెప్పలేను. దుమ్ము లేచి చెట్లు కనిపించలేదు. చిన్నాయన పాప చేతిలోంచి నన్ను లాక్కుని, పరుగెత్తి మోటారు కొట్టంలో మూలకు ఆనించి, పిల్లల కోసం వెనక్కి పోయినాడు. వాన పడింది పావుగంటే. కానీ గాలికి కాయలు రాలే చప్పుడు గుత్తదారు చెట్ల వైపు నుంచి గుర్రాల గిట్టల్లా వినిపిస్తూనే ఉంది.

వాన వెలిసినాక పిల్లలకు పండగ. నేలంతా కాయలు. ఒడి నింపుకుని కేకలు పెట్టుకుంటూ ఏరినారు. అంతలో గుత్తదారు వచ్చి చెట్ల మధ్య నిలబడినాడు. రాలిన కాయ ఊరగాయకు పోయినా దానికి వచ్చేది కోసిన కాయ ధరలో చిన్న ముక్క. చెప్పుల కింద కాయ తగిలితే తొక్కకుండా కాలు పక్కకు పెట్టినాడు. కొట్టం తలుపు సందులోంచి నాకు కనిపించినంత వరకు, కేకలు ముందు ఆపింది పాప. తన ఒడిలో ఉన్నవన్నీ తీసుకుపోయి అతని కుప్పలో పోసింది. ప్రొద్దుటూరు పిల్లలు ఒకరినొకరు చూసుకుని వాళ్ళూ పోసినారు. చిన్నాయన ఏమీ అనలేదు, తనూ ఏరడానికి వంగినాడు. చీకటి పడేదాకా అందరూ అతని కాయలే ఏరినారు. గోనె మీద ఆరబెట్టిన మా కాయలు ఆ రాత్రి కారు వెనక ఎక్కినాయి. కొట్టానికి గొళ్ళెం పడింది.

నా వలలో ఆ కాయ ఉండిపోయింది.

మొదటి రెండు రోజులు ఏమీ తెలియలేదు. ఎప్పటి బరువే, ఎప్పటి రాయే. తీసుకోవడానికి ఎవరూ రాలేదు, అదే కొత్త. నాపరాయి కప్పు పగలంతా ఎండను పీల్చి రాత్రంతా కొట్టంలోకి వదిలేది. మూడో రోజున కాయ నా నైలాను కళ్ళకు ఆనే చోట కొద్దిగా లొంగినట్టు అనిపించింది. నాలుగో రోజు దాని మీద తెల్లటి బూడిద లాంటి పూత పలచబడి, ముచ్చిక పక్క నుంచి పచ్చదనం వెనక్కి తగ్గడం మొదలైంది. తలుపు సందులోంచి వచ్చే వెలుగు గీత రోజుకొకసారి, పొద్దెక్కే వేళ, దాని మీదుగా నడిచేది. ఆ కొద్దిసేపట్లోనే రంగు చూసేవాణ్ణి. ఐదో రోజు నిమ్మపండు రంగు. ఆరో రోజు పసుపు. ఏడో రోజు వెలుగు గీత రాకముందే చీకట్లోనే తెలిసిపోయింది. వాసన. అది కాయలోంచి వస్తున్నట్టు లేదు. కొట్టంలోని పాత డీజిలు వాసన, తడి మట్టి వాసన, గోనెల వాసన అన్నీ పక్కకు జరిగి దానికి చోటిచ్చినట్టుంది. ఇన్నేళ్ళు పిల్లలు చెప్పుకున్నది ఇదేనా అనుకున్నాను. ఇదే అయ్యుంటుంది.

ఎనిమిదో రోజు మోటారు వేయడానికి చిన్నకొడుకుతో పాటు జేజి వచ్చింది. గొళ్ళెం తీస్తూనే ఆగింది.

‘అబ్బీ, లోపల పండు ఉండాది.’

‘యాడుందమ్మా? అన్నీ ఇంటికి పాయ గదా.’

ఆమె జవాబు చెప్పలేదు. నేరుగా మూలకు వచ్చి, తల ఎత్తి, నన్ను వాల్చింది. వలలో చేయి పెట్టి పండును రెండు చేతులతో బయటికి తీసింది. వెలుగులోకి పోయి తిప్పి తిప్పి చూసింది. ముచ్చిక వైపు, ముక్కు వైపు, రెండు చెంపలూ. కొంగు తీసి తుడవబోయి, తుడవకుండానే కొంగు వదిలేసింది. కొడుకును ఫోన్ అడిగి బెంగుళూరుకు కలిపించుకుంది.

‘నువ్వు కోసిన కాయ ఒకటి ఈడనే ఉండిపాయ బిడ్డా. చిక్కంలోనే మాగింది. చూడు.’

ఫోన్‌లో పాప ముఖం పండుకు అతి దగ్గరగా వచ్చింది. అటువైపు నుంచి ఏదో అడిగింది, నాకు వినపడలేదు. జేజి తల ఊపి, గడప మీద కూర్చుని, పండును రెండు అరచేతుల మధ్య పిసికి, ముచ్చిక దగ్గర కొరికింది. ఫోన్ పక్కన పెట్టుకుని, పాప చూస్తుండగా, నిదానంగా, టెంక తెల్లబడేదాకా తిన్నది. టెంకను బావి పక్కన తడినేలలో పాతింది.

నన్ను మళ్ళీ గోడకు ఆనించి గొళ్ళెం పెట్టినారు. నైలానుకు ఏ వాసనా నిలవదంటారు. నా వలకు ఆ వాసన ముంగారు వాన కొట్టంలోకి కొట్టేదాకా ఉండింది.